కాల్చే ముందు ముక్క తీసి పంపు

అమ్మలూ,

నరసరావుపేటలో స్కిన్ క్లినిక్ పెడుతున్నావని, లేజరూ, చర్మాన్ని వేడితో కాల్చే కాటరీ మిషనూ కూడా బుక్ చేశావని వదిన ఫోన్ చేసింది. గొంతు నిండా గర్వమే, మధ్యలో నీ అప్పు మీద బెంగ. నాకు అప్పు గురించి భయం లేదు. ఆ కాటరీ మిషన్ గురించే టెన్షన్.

రిజిస్ట్రేషన్, బయోమెడికల్ వేస్ట్ కాగితాలు ముందే చేయించుకో. వేళకు తిను.

ఇక చదువుకున్న డాక్టరమ్మకు నేను చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పినట్టే. అయినా విను. నేను ల్యాబ్‌లో ఉన్నప్పుడు ఒక కౌలు రైతు అరికాలి నుంచి తీసిన చర్మం ముక్క వచ్చింది. ఫారం మీద 'ఆనెకాయ' అని తప్ప ఇంకేమీ లేదు, వయసు కూడా రాయలేదు. ఎక్కడో క్లినిక్‌లో మొదట యాసిడ్ మందు పూశారట. తగ్గకపోతే కాటరీతో కాల్చారట. మళ్లీ లేచేసరికి పైపైన గీకి పంపారు. స్లైడ్ పెట్టి చూస్తే మెలనోమా, అంటే చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్. క్యాన్సర్ కణాలు ముక్క అడుగు అంచు దాకా ఉన్నాయి. ఆ కింద ఎంత లోతుకు దిగిందో కొలుద్దామంటే చర్మమే లేదు! ఆ లోతునే బ్రెస్లో మందం అంటాం, అది తెలిస్తేనే కదా, చుట్టూ 1 సెంటీమీటరు తియ్యాలా 2 తియ్యాలా, క్యాన్సర్ ముందుగా పాకే సెంటినెల్ గ్రంథి పరీక్ష చెయ్యాలా అని సర్జన్ తేల్చుకునేది. రిపోర్టు కోసం ఆ రైతే వచ్చాడు. ఆ కాలికి చెప్పు పట్టక యూరియా సంచి ముక్క చుట్టుకున్నాడు. "ముల్లు గుచ్చుకున్న చోటే సార్" అన్నాడు. అప్పటికే గజ్జలో గడ్డ చేతికి తగులుతోంది.

కాల్చిన డాక్టరేం దుర్మార్గుడు కాదు. బయట జనం, చేతిలో మిషన్. రేపు నీకూ అంతే.

అందుకే పాదం చూపించేవాళ్ల రెండు కాళ్లూ కడిగించి చూడు. వేళ్ల సందులు, గోళ్లు కూడా. గోరింటాకు, నెయిల్ పాలిష్ ఉంటే వాటి కింద ఏముందో అనుకో. గోటిలో నల్లచార వెడల్పవుతున్నా, రంగు గోటి పక్క చర్మానికి పాకినా వదలకు. అసలు నలుపే లేని మెలనోమాలూ ఉంటాయి, మానని పుండులా. షుగర్ పుండేలే అని కట్టు కట్టి పంపావో, నా చేతిలో తిట్లు తింటావు! చిన్న మచ్చయితే కొవ్వు పొర దాకా మొత్తం తియ్యి. పెద్దదైతే బాగా మందంగా ఉన్న చోట పంచ్ బయాప్సీ చెయ్యి, గుండ్రటి కత్తితో చిన్న ముక్క లోతుగా తియ్యి. ముక్క చెడకుండా ఉంచే ఫార్మలిన్‌లోనే వెయ్యాలి, సెలైన్‌లో కాదు. ఫారంలో నీ అనుమానం రాయి.

మెలనోమా అని తేలితే ఆపరేషన్ నువ్వు పెట్టుకోకు. గుంటూరు జనరల్ ఆసుపత్రిలోని క్యాన్సర్ సెంటర్‌కు పంపు, వెళ్లారో లేదో ఫోన్ చేసి కనుక్కో. ఒంట్లో రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదకు ఉసిగొలిపే పెంబ్రోలిజుమాబ్ లాంటి మందులు వచ్చాయి నిజమే. కానీ ఎండ వల్ల వచ్చే రకానికి పనిచేసినంతగా ఈ అరికాలి రకానికి పనిచెయ్యవు, ఖరీదూ ఎక్కువే.

చిన్నప్పుడు స్లైడ్ మీద గులాబి రంగు చూసి జామ్ అనుకున్నదానివి. ఇప్పుడు నీ పేరుతో బోర్డంటే నవ్వొస్తోంది, కళ్లూ చెమరుస్తున్నాయి.

ప్రారంభానికి ముందురోజే వస్తాం. పిన్ని కర్టెన్లు కుడుతోంది. ఫార్మలిన్ సీసాలు నేను తెస్తాను, నువ్వు కొనకు.

మీ బాబాయి