నాలుగేళ్ల పాపకి ‘వద్దు’ అని చెప్పడం ఎలా నేర్పాలి?

చుట్టాలు బుగ్గలు గిల్లినా, పార్కులో పిల్లలు బొమ్మ లాక్కున్నా మా పాప ఏడుస్తుందే తప్ప నోరు విప్పదు, ఏం చేయాలి అని అడిగారు.

ముందు తనకి మాటలు అందించండి. ‘ధైర్యంగా ఉండు’ అంటే ఆ వయసుకి ఏమీ అర్థం కాదు, ‘నాకు నచ్చలేదు, ఆపు’ అంటే అర్థమవుతుంది. ఇంట్లో బొమ్మలతో ఆటలా అనిపించండి, అరవకుండా, మామూలు గొంతుతో. శివాజీ పార్కులో ఉయ్యాల దగ్గర ఎవరైనా తోసేస్తుంటే ‘ఇప్పుడు నా వంతు, అయ్యాక నీకిస్తా’ అనాలి. వినకపోతే మీ దగ్గరికి రావాలి, అది చాడీ కాదని ముందే చెప్పి ఉంచండి.

అసలు చిక్కంతా పెద్దవాళ్లతోనే. శ్రీకాకుళం నుంచి వచ్చిన పెద్దమ్మ ‘ఏదీ, ఓ ముద్దు పెట్టవే’ అన్నప్పుడు పాప వెనక్కి జరిగితే, ‘తప్పమ్మా, పెట్టు’ అని మనమే ముందుకు తోస్తాం, దాంతో నేర్పిందంతా గంగపాలు. ‘ముద్దు వద్దట పెద్దమ్మా, దండం పెడుతుందిలే’ అని మీరే నవ్వుతూ అనేయండి. ఆవిడ కాసేపు మూతి ముడుచుకుంటే ముడుచుకోనీ.

చక్కిలిగింతలు పెడుతుంటే ‘ఆపు నాన్నా’ అందా, నవ్వుతున్నా సరే వెంటనే ఆపేయాలి. మందు వేసుకోవడం, బీచ్ రోడ్డు దాటేటప్పుడు చెయ్యి పట్టుకోవడం, వీటిలో మాత్రం బేరాల్లేవు.

ఒంటి మీద ముట్టుకోకూడని చోట ఎవరైనా ముట్టుకుంటే మాత్రం మర్యాద గిర్యాద ఏమీ అక్కర్లేదు, గట్టిగా అరిచి మీ దగ్గరికి పరిగెత్తుకు రమ్మనండి. అలాంటి అనుమానం వస్తే 1098కి ఫోన్ చేయొచ్చు, పిల్లల కోసం 24 గంటలూ పనిచేసే ఉచిత హెల్ప్‌లైన్ అది.