గాయపడ్డ కొంగ కనిపిస్తే ముందు ఏం చెయ్యాలి? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: అమలాపురంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. దెబ్బ తగిలిన పక్షుల్ని, జంతువుల్ని కాపాడే పనిలో వాలంటీర్‌గా చేరాలని ఉంది. జువాలజీ చదివి ఉండాలా? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: కామర్స్ చదివినా ఇబ్బంది లేదు. దగ్గర్లోని అటవీ రేంజ్ ఆఫీసుకు వెళ్లి మీ పేరు, ఊరు, ఫోన్ నంబరు, బండి ఉందో లేదో రాసిచ్చి రండి. రాత్రి పదింటికి ఫోన్ వచ్చినా కదలగలిగేవాళ్లు దొరకడమే కష్టం. జనవరిలో కోరంగి, కొల్లేరుల దగ్గర జరిగే నీటిపక్షుల లెక్కింపులో పాల్గొనండి. ఏ పక్షి ఏదో తెలుస్తుంది, సిబ్బందితో పరిచయమూ అవుతుంది.

పని మొదలుపెట్టకముందే రేబిస్ టీకాలు వేయించుకోండి: మొదటి రోజు, ఏడో రోజు, 21 లేదా 28వ రోజు. టీటీ కూడా. కరిచాక వేయించుకుందాంలే అనుకునేవాళ్లను నీటికుక్క, బావురుపిల్లి లాంటి జంతువుల దగ్గరికి రానివ్వకూడదు.

మొదటి కొన్ని నెలలు మీ చేతికి పక్షి రాదు. బోనులు కడగడం, చేపలు కొయ్యడం, టవళ్లు ఉతకడం, బరువు తూచి పుస్తకంలో రాయడం, ఇవీ పనులు. విసుగే గానీ, నిన్నటి కంటే బరువు తగ్గిందన్న సంగతి ఆ పుస్తకమే చెప్తుంది, పక్షి చెప్పదు.

చట్టం మాట కూడా తెలుసుకోండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 39వ సెక్షన్ ప్రకారం వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి. చేతికి వచ్చిన 48 గంటల్లోగా పోలీస్ స్టేషన్‌లో గానీ అటవీ అధికారికి గానీ తెలపాలి, అడిగితే అప్పగించాలి. కోలుకునేదాకా ఇంట్లో పెట్టుకుంటామంటే కుదరదు, రామచిలుకైనా సరే. 48 గంటలన్నది ఆలస్యానికి హద్దు మాత్రమే, అన్ని గంటలు అట్టిపెట్టుకోమని కాదు.

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. రొయ్యల చెరువుల మీద కట్టిన బర్డ్ ఫెన్సింగ్‌లో (పక్షులు దిగకుండా కట్టే వలలో) కొంగలు, నీటికాకులు తరచూ చిక్కుకుంటున్నాయి. మేం లాగి విడిపిస్తున్నాం, ఎగిరిపోతున్నాయి. అయినా రెండు మూడు రోజులకు గట్టు మీద చచ్చి కనబడుతున్నాయి. ఎందుకు?

జవాబు: దారం బిగుసుకోవడం వల్ల, దానికి తోడు మీరు లాగడం వల్ల. నైలాన్ దారం రెక్క మొదట్లోనో కాలికో బిగుసుకున్నప్పుడు లోపల రక్తం ఆగిపోతుంది. పైకి చిన్న గీతే కనబడుతుంది. దారం తీసిన వెంటనే పక్షి ఎగరగలదు కూడా. కానీ నలిగిన కండ చచ్చిపోవడానికి కొన్ని రోజులు పడుతుంది, అప్పుడు చర్మం నల్లబడి రెక్క వేలాడుతుంది. అందుకే వలలో చాలాసేపు వేలాడిన పక్షిని ఎగురుతోంది కదా అని అక్కడికక్కడే వదలకూడదు. పశువైద్యుడు చూసి, కొన్ని రోజులు గమనించాక వదలాలి.

ఇక విడిపించే పద్ధతి. ముందు చెరువు రైతుకు చెప్పి ఏరియేటర్లకు (నీళ్లలో గాలి కలిపే మోటార్లకు) కరెంటు ఆపించండి. ఈ మాట తేలిగ్గా తీసుకోవద్దు, నడుము లోతు నీళ్లలో తెగిన వైరు ఉంటే పక్షి కంటే ముందు మీరే పోతారు. ఒక్కరే దిగకండి. కళ్లకు ప్లాస్టిక్ కళ్లద్దాలు తప్పనిసరి, ఎందుకంటే కొంగ, నారాయణ పక్షి మెరిసేదాన్ని, అంటే మీ కంటిని, సూటిగా పొడుస్తాయి.

తల మీద టవల్ వెయ్యండి. చీకటైతే సగం పెనుగులాట ఆగుతుంది. కొంగనైతే దవడల వెనక, తల దగ్గర పట్టుకోవాలి. గద్దకైతే ముందు కాళ్లు అందుకోవాలి, దాని ఆయుధం గోళ్లే. రెక్కలు ఒంటికి ముడిచి పట్టండి గానీ రొమ్ము నొక్కొద్దు. పక్షికి మనలా ఉదరవితానం (ఊపిరి తీయించే కండర పొర) ఉండదు, రొమ్ము ఎముక కదిలితేనే ఊపిరాడుతుంది. గట్టిగా అదిమితే గాయమేమీ లేకుండానే చచ్చిపోతుంది. పొడుస్తోందని ముక్కుకు రబ్బరు బ్యాండు వేసేవాళ్లున్నారు. నీటికాకికి, గూడబాతుకు ఆ పని అసలు చెయ్యొద్దు. వాటి ముక్కురంధ్రాలు మూసుకుపోయి ఉంటాయి, నోటితోనే గాలి పీల్చాలి.

ముందు వలను పక్షి చుట్టూ జానెడు వదిలి కత్తిరించి, వల ముక్కతో సహా గట్టుకు తెచ్చుకోండి. ఆపైన మెడ, తర్వాత రెక్కలు, చివర్న కాళ్లు. చివర మొద్దుగా ఉండే బ్యాండేజీ కత్తెరతో దారాన్ని ఒక్కొక్కటిగా ఎత్తి కత్తిరించాలి. ఈకలు తెంపొద్దు, పెద్ద ఈక మధ్యకు తెగితే మళ్లీ ఈకలు మారేదాకా కొత్తది రాదు.

పెట్టెకు ఆపిల్ కార్టన్ బాగుంటుంది. పక్కలకు పెన్సిల్ లావు రంధ్రాలు, అడుగున పాత టవల్. రొయ్యల థర్మోకోల్ పెట్టె వద్దు, గాలి ఆడదు, పొడిచి ఆ ముక్కలు మింగుతాయి. పొడుగు కాళ్ల పక్షుల్ని కాళ్లు ముడిచి గంటల తరబడి కూర్చోబెట్టకూడదు. భయానికీ పెనుగులాటకూ తోడు ఇదీ కలిస్తే కండరాలు దెబ్బతిని తర్వాత లేచి నిలబడలేవు. నిలబడేంత ఎత్తున్న పెట్టె దొరకకపోతే ప్రయాణం త్వరగా ముగించండి.

రైతుతో పోట్లాడి లాభం లేదు, ఆయన పెట్టుబడి ఆయనది. వదులుగా వేలాడే సన్న వలలోనే ఎక్కువ చిక్కుకుంటాయి. దాని బదులు కంటికి కనబడే లావు తాళ్లు బిగించి లాగి, మధ్యలో మెరిసే రిబ్బన్లు కట్టమనండి. ఉదయం, సాయంత్రం గట్టు వెంట ఒక చూపు చూడమనండి.

ఒకేచోట చాలా పక్షులు చచ్చి పడి ఉంటే మాత్రం ముట్టుకోకుండా పశుసంవర్ధక శాఖకు చెప్పండి. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో కోళ్లకు బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయిన సంగతి గుర్తుందిగా.

ప్రశ్న: కొబ్బరి మోడు కొట్టిస్తే తొర్రలో మూడు చిలుక పిల్లలు బయటపడ్డాయి. పాలల్లో రొట్టె నానబెట్టి పెడుతున్నాం. సరేనా? (రావులపాలెం)

జవాబు: వెంటనే ఆపండి. పక్షులకు పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. నోట్లో నీళ్లు కూడా పొయ్యొద్దు. గాలిగొట్టం నాలుక మొదట్లోనే తెరుచుకుని ఉంటుంది, నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చల్లబడ్డ పిల్లకు ముందు వెచ్చదనం కావాలి, తిండి ఆ తర్వాతి మాట. గోరువెచ్చని నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పెట్టెలో ఒక పక్కనే పెట్టండి, వేడెక్కువైతే రెండో పక్కకు జరగడానికి చోటుండాలి.

తొర్ర ఉన్న ముక్క మిగిలి ఉంటే కింద పలక కొట్టి, పిల్లల్ని అందులోనే ఉంచి, పక్క చెట్టుకు అంతే ఎత్తులో కట్టండి. మనిషి ముట్టుకుంటే తల్లి రాదన్నది వట్టి మాట. దూరంగా ఉండి చూడండి. సాయంత్రానికీ తల్లిదండ్రులు రాకపోతే అటవీ సిబ్బందికి అప్పగించండి.

ప్రశ్న: పాములు పట్టే హుక్ ఆన్‌లైన్‌లో కొన్నాను. వీడియోలు చూసి నేర్చుకోవచ్చా?

జవాబు: ఆ హుక్ అటకెక్కించండి. నీరుకట్టె, జెర్రిపోతు కనబడితే దారివ్వండి చాలు. రక్తపింజర, నాగుపాము, కట్లపాము అయితే జనాన్ని దూరంగా ఉంచి, ఎటు పోతోందో ఒకరు దూరం నుంచి చూస్తూ ఉండాలి, ఇంకొకరు అటవీ శాఖకు ఫోన్ చెయ్యాలి. కాటు పడితే కట్టు కట్టొద్దు, కొయ్యొద్దు, కదలనివ్వకుండా 108లో ఆసుపత్రికి.

ప్రశ్న: అంతర్వేది ఒడ్డున తాబేలు కదలకుండా పడి ఉంటే సముద్రంలోకి తోసెయ్యొచ్చా?

జవాబు: తోస్తే మునిగి చస్తుంది. వలలో చిక్కి నీళ్లు మింగినదై ఉండొచ్చు. బోర్లానే ఉంచి, వెనక భాగం కింద ఇసుక మూటో చెక్కో పెట్టి కనీసం 15 సెంటీమీటర్లు ఎత్తండి, ఊపిరితిత్తుల్లో నీళ్లు బయటికొస్తాయి. నీడ చేసి, డిప్ప మీద తడి గుడ్డ కప్పండి, ముక్కు మాత్రం వదిలెయ్యండి. కోలుకోవడానికి గంటలు పడుతుంది, ఈలోగా అటవీ సిబ్బందిని పిలవండి. ఎత్తాల్సి వస్తే ఇద్దరు డిప్ప అంచులు పట్టుకోవాలి, తెడ్డు కాళ్లు పట్టి ఈడవకూడదు.

రాత్రిపూట ఇసుకలో పైకి పాకుతున్నదైతే గుడ్లు పెట్టడానికి వచ్చింది, దాని జోలికి పోవద్దు. గుడ్లు మీరు తవ్వి తియ్యకండి. పెట్టిన కొన్ని గంటల తర్వాత గుడ్డును దొర్లిస్తే లోపలి పిండం చచ్చిపోతుంది, కాబట్టి హేచరీకి (గుడ్లు పొదిగించే చోటికి) మార్చడం శిక్షణ ఉన్న సిబ్బంది పని. వాళ్లతో కాపలాకు వెళ్తే తెల్లటి టార్చి వెయ్యకండి, దాని అద్దానికి ఎర్ర రంగు పారదర్శక కాగితం చుట్టుకోండి.