కొండెక్కబోతున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మావయ్య దీవెనలు.

వచ్చే శనివారం నువ్వూ నీ స్నేహితుడూ ఆత్రేయపురం నుంచి సైకిళ్ల మీద మారేడుమిల్లి వెళ్లి, ఆదివారం రాత్రికి వచ్చేస్తామన్నారట. మీ అమ్మ ఫోన్ చేసింది. నాచేత వద్దనిపించాలని ఆవిడ ఉద్దేశం. వెళ్లొద్దని నేననను. మారేడుమిల్లి మాత్రం ఈసారికి వద్దంటాను. అది రాజమండ్రి నుంచే 80 కిలోమీటర్ల పైమాట. బొంగులో చికెన్ ఎక్కడికీ పారిపోదు. రంపచోడవరంలో ఆగిపోండి. సాయంత్రం ఓపిక మిగిలితే సంచులు గదిలో పడేసి రంప జలపాతం చూసి రండి.

రోజూ కాలవ గట్టు మీద తొక్కుతున్నాం కదా అని మీ ధీమా. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక మన పొలాలకి నీళ్లు వాటంతటవే పారుతున్నాయంటే నేల వాలుగా ఉన్నట్టే కదా? కానీ ఆ వాలు ఏనాడైనా నీ కాలికి తెలిసిందా? మనకి తెలిసిన ఎక్కుడల్లా లొల్ల లాకులూ, ఏటిగట్టూను. ఎదురుగాలికి తొక్కడం వచ్చు మనకి, ఎత్తుకి తొక్కడం రాదు. ఈ వారం పొద్దున్నే ఏటిగట్టు మీదకి 10 సార్లు ఎక్కి దిగండి, సీటు మీంచి లేవకుండా. సీటు ఎత్తు కూడా అప్పుడే సరిచూసుకో. పెడల్ అడుక్కి వచ్చినప్పుడు మడమ దాని మీద ఆనితే కాలు చాపినట్టుండాలి. నీది ఎప్పుడూ కిందకే ఉంటుంది, అందుకే మోకాళ్లు నొప్పంటావు.

కోరుకొండ నరసింహస్వామి కొండ కనిపించగానే హుషారొస్తుంది. అక్కడే జోరు పెంచెయ్యకండి. అసలు పని గోకవరం దాటాక. గేరు ఎక్కుడు మొదలవకముందే తగ్గించాలి. మధ్యలో బలంగా తొక్కుతూ మారిస్తే చైన్ కరకరమని పడిపోతుంది. మాట్లాడుతూ తొక్కగలిగేంత నెమ్మదిగా వెళ్లండి. మాట ఆగిపోయిందంటే దిగి నడిపించుకోండి, సిగ్గేం లేదు. మీలో నెమ్మదిగా తొక్కేవాడు ముందుండాలి. ఈ మాట ఎందుకంటున్నానో చెబుతాను.

మీ వయసులో నేనూ ఓ స్నేహితుడూ చింతూరు వైపు ఘాట్ దిగాం. నేను ముందు. నాలుగు మలుపులు తిరిగి వెనక్కి చూస్తే వాడు లేడు. అరగంట చూసి, సైకిలు తోసుకుంటూ మళ్లీ పైకి ఎక్కాను. వాడు కల్వర్టు గోడ మీద కూర్చుని నా వాటా చక్కెరకేళి అరటిపళ్లు కూడా తినేస్తున్నాడు, పక్కన పంచరైన సైకిలు. సొల్యూషన్, అతుకు ముక్కలు వాడి సంచిలోనే ఉన్నాయి. పంపు నా క్యారియర్‌కి కట్టి ఉంది. ఆ తర్వాత గంటసేపు మేం మాట్లాడుకోలేదు. మీరు పంపూ సొల్యూషనూ ఒకే సంచిలో పెట్టండి, ఆ సంచి వెనక వచ్చేవాడికివ్వండి. అక్కడ ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోవద్దు.

ఇంకో సంగతి, ఎక్కేటప్పుడు ఆయాసం తప్ప ఏమీ కాదు. దెబ్బ తగిలేది దిగేటప్పుడే. బ్రేకు అదేపనిగా నొక్కి ఉంచితే రిమ్ము కాలిపోతుంది, రబ్బరు పట్టు వదిలేస్తుంది. నొక్కు, వదులు, మళ్లీ నొక్కు. వేగం మలుపుకి ముందే తగ్గించాలి, మలుపులో పడ్డాక కాదు. శివరాత్రి వెళ్లింది కాబట్టి మలుపుల్లో ఎండుటాకులు పేరుకుని ఉంటాయి, వాటి కింద ఇసక. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టావో, నేరుగా లారీ ముందుకే. బయల్దేరే ముందురోజు బ్రేకు రబ్బర్లు వేలితో తడిమి చూడు. వాటి మీది గాట్లు అరిగి నున్నగా ఉంటే కొత్తవి వేయించు, వాటి దగ్గర పిసినారితనం వద్దు.

ఉప్పు వేసిన మజ్జిగ, వేరుశనగ ఉండలు పెట్టుకోండి. మీ అమ్మ పూతరేకులు కట్టిస్తుంది, కాదనకు. సంచిలో పొడైపోయినా రుచి పోదులే. ఏజెన్సీలో మలేరియా ఇంకా ఉంది, రాత్రికి దోమల మందు రాసుకోండి.

ఆదివారం చీకటితోనే బయల్దేరండి. కొండ దిగేశాం, ఇక పల్లమే కదా అని టిఫిన్ల దగ్గర బాతాఖానీ పెట్టారో, మధ్యాహ్నానికి ధవళేశ్వరం బ్యారేజీ మీద సముద్రపు గాలి మొహాన కొడుతుంది. అలిసిన కాళ్లకి బొబ్బర్లంక దాకా ఆ కాస్త దూరమే ఘాట్ కంటే బరువు. నేను ఓసారి అక్కడ దిగి నడిచాను, ఈ సంగతి మీ అత్తకి చెప్పకు.

ఇంటికి చేరగానే ముందు మీ అమ్మకి కనపడు, తర్వాత నాకు ఫోన్ చెయ్యి.

మీ మావయ్య