టెక్ సందేహాలు: నా గోంగూర పచ్చడి గూగుల్‌కి ఎందుకు దొరకట్లేదు?

ప్రశ్న: పదేళ్లుగా ఫేస్‌బుక్‌లో ఒక వంటల ప్రైవేట్ గ్రూపులో రాస్తున్నానండీ, మూడొందల పోస్టులకి పైనే ఉంటాయి. మొన్న మా కోడలు నా గోంగూర పచ్చడి కొలతల కోసం గూగుల్‌లో వెతికితే ఒక్కటీ రాలేదు. బయటికి తెచ్చుకునే దారి ఉందా? (తెనాలి నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఎక్కడికీ పోలేదండీ, అక్కడే ఉన్నాయి. ప్రైవేట్ గ్రూపు పోస్టులు మెంబర్లకి తప్ప కనపడవు, సెర్చ్ కోసం పేజీలు చదువుతూ తిరిగే గూగుల్ ప్రోగ్రాం, అంటే గూగుల్ బాట్, మెంబర్ కాదు కదా (అది రిక్వెస్ట్ పెడితే ఏ అడ్మిన్ అప్రూవ్ చేస్తాడో మరి). ఇవే వంటలు అప్పట్లో బ్లాగుల్లో రాసేవాళ్లు, తీసేయనివి ఇప్పటికీ సెర్చ్‌లో తగులుతుంటాయి. 2013 జులైలో బ్లాగుల్లో కొత్త పోస్టులన్నీ ఒకేచోట చూపించే గూగుల్ రీడర్ మూసేశాక అలా ఫీడ్లు చదివే అలవాటు చాలామందికి తప్పిపోయింది, లైకులు ఎక్కడుంటే జనం అక్కడికే పోతారు, ఎవర్నని ఏం లాభం.

ఫేస్‌బుక్ సెట్టింగ్స్‌లో మీ సమాచారం డౌన్‌లోడ్ చేసుకునే ఆప్షన్ ఉంటుంది. ఫార్మాట్ అడిగినప్పుడు హెచ్‌టీఎంఎల్ (బ్రౌజర్‌లో తెరిచి చదువుకునేది) పెట్టండి, జేసన్ (ప్రోగ్రాంలు చదువుకునేది) వద్దు. ఎందుకంటే యూనికోడ్‌ని ఫైళ్లలో రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం గానీ గుణింతం గుర్తు గానీ ఒక్కోటి మూడు బైట్లు (బైటంటే కంప్యూటర్ దాచుకునే చిన్న ముక్క), నేను చూసిన జేసన్ ఫైళ్లలో ఫేస్‌బుక్ ఒక్కో బైటునీ విడి అక్షరం అనుకుని రాసేసింది, "గోంగూర" తీస్తే 18 పిచ్చి కోడ్లు వచ్చాయి! ఇంకోటి, వచ్చేది మీరు రాసింది మాత్రమే, మీ పోస్టు కింద "ఎండుమిరపకాయలు సగం చాలు" అని ఎవరో పెట్టిన కామెంటు రాదు, అసలు రుచంతా అందులోనే ఉంటుంది ఒక్కోసారి. అలాంటివి ముందే కాపీ చేసి పెట్టుకోండి. తర్వాత ఒక బ్లాగు తెరిచి ఎక్కించండి, ఆ లింకుల్ని వెబ్ పేజీల కాపీలు దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్‌లో కూడా సేవ్ చేయండి.

ప్రశ్న: బ్లాగులో పెడితే ఏఐ బాట్లు ఎత్తుకుపోతాయట, ఆపలేమా? (కరీంనగర్ పాఠకుడు)

జవాబు: పూర్తిగా అయితే ఆపలేం. ఏ బాట్ రావచ్చో ఏది రాకూడదో చెప్పే రోబోట్స్ డాట్ టెక్స్ట్ (robots.txt) అని ఒక ఫైలు ఉంటుంది, 1994 నుంచీ ఉన్న పద్ధతే, అందులో తన బాట్ అయిన జీపీటీబాట్ పేరు రాసి డిస్‌అలౌ (రావద్దు) అని పెడితే రామని చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ 2023లోనే చెప్పింది. కానీ అది బోర్డే, తాళం కాదు, పేరు దాచుకుని మామూలు బ్రౌజర్‌లా వచ్చేవాటికి అదేం పట్టదు. గూగుల్ వాళ్ల బ్లాగు సర్వీసు బ్లాగర్‌లో ఈ ఫైలు సెట్టింగ్స్‌లోనే మార్చుకోవచ్చు. ఒక్కటి చూసుకోండి, యూజర్ ఏజెంట్ దగ్గర బాట్ పేరు బదులు స్టార్ గుర్తు (అన్ని బాట్లూ అని అర్థం) పెట్టి అన్నీ బంద్ చేశారంటే గూగుల్ కూడా రాదు, మళ్లీ కొలతల కోసం కోడలు ఫోన్ చేయాల్సిందే.