ముందు టైమ్ రాసుకో

చిరంజీవి చిన్నమ్మాయికి,
పెదనాన్న ఆశీస్సులు.

"మా వాణ్ణి పోలీసులు పట్టుకెళ్లారమ్మా" అని రాత్రిపూట ఎవరైనా ఫోన్ చేస్తే మొదట ఏం చెయ్యాలని అడిగావు. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో అందరి చెయ్యీ బెయిల్ పిటిషన్ మీదికే పోతుంది. అది రేపటి పని. ఆ రాత్రి చెయ్యాల్సింది వేరే ఉంది. మనిషిని ఎన్ని గంటలకు, ఎక్కణ్ణుంచి, ఎవరు చూస్తుండగా తీసుకెళ్లారో ఎక్కడో ఒకచోట నమోదు చేయించాలి. స్టేషన్‌లో వాళ్ల టైమ్ వాళ్లు రాసుకునేలోపే ఆ పని అయిపోవాలి.

అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందుంచాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతుంది, ప్రయాణానికి పట్టే సమయం మినహాయించి. ఆ గంటలు ఎప్పుడు మొదలయ్యాయన్న దగ్గరే తిరకాసంతా. మంగళవారం సాయంత్రం ఇంట్లో అన్నం తింటుంటే తీసుకెళ్లిన కుర్రాడు, కస్టడీ కోరుతూ పోలీసులు మేజిస్ట్రేటుకిచ్చే రిమాండ్ రిపోర్టులో గురువారం పొద్దున బస్టాండు దగ్గర అనుమానాస్పదంగా తిరుగుతూ దొరుకుతాడు. మధ్యలో ఏమైందంటే "విచారణకు పిలిచాం, అరెస్టు చెయ్యలేదు" అంటారు. ఆ 24 గంటల లెక్క మనిషిని పట్టుకున్నప్పటి నుంచే, కాగితం మీద అరెస్టు చూపించినప్పటి నుంచి కాదని తెలంగాణ హైకోర్టు 2024లో చెప్పింది. సంతోషం. కానీ ఎప్పుడు పట్టుకున్నారో చూపించాల్సింది నువ్వే కదా.

మా రోజుల్లో దీనికి టెలిగ్రామ్ ఉండేది. ఎస్పీకి, కలెక్టరుకు, మేజిస్ట్రేటుకు తలా ఒకటి ఇప్పించేవాళ్లం. దాని మీద తేదీ, టైమ్ పడేవి, వాటిని కాదనడం ఎవరి తరమూ కాదు. 2013లో ఆ సర్వీసు ఎత్తేశారు. ఇప్పుడైతే ఇంటివాళ్ల చేత ముందు 112కి ఫోన్ చేయించు. వెంటనే ఎస్పీ ఆఫీసుకు ఈమెయిల్, దాని నకలు నీకు వాట్సాప్‌లో. నాలుగు ముక్కలు చాలు: పేరు, టైమ్, వచ్చిన బండి నంబరు, చూసినవాళ్లు. "అక్రమ నిర్బంధం", "ప్రజాస్వామ్యం ఖూనీ" లాంటి మాటలు అందులో పెట్టకు, ఎస్పీ ఆఫీసులో వాటిని చదివేవాళ్లెవరూ లేరు.

ఇక స్టేషన్‌కు. ఒంటరిగా వెళ్లకు, ఇంటివాళ్లలో ఒకరిని వెంటబెట్టుకో. వాళ్ల తరఫున నువ్వు వాదించడానికి సంతకం చేయించుకునే వకాలత్ ఫారం దగ్గరుంచుకో. సెంట్రీతో గొడవ దండగ. ఎస్‌ఐ లేకపోతే స్టేషన్ రికార్డులు రాసే రైటర్ని అడుగు, నెమ్మదిగానే: "నోటీసు ఇచ్చారా, అరెస్టు చేశారా?" ఊరికే కూర్చోబెట్టాం అనేది ఏ చట్టంలోనూ లేదు. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసయితే చాలావరకు విచారణకు రమ్మనే నోటీసుతోనే సరిపోవాలి. మనవాళ్లు ఇంకా పాత సీఆర్‌పీసీ లెక్కన 41ఏ నోటీసు అనే అంటున్నారు కానీ, 2024 జులై 1 నుంచి అది దాని బదులు వచ్చిన నాగరిక సురక్షా సంహితలో 35(3).

అరెస్టు చేశామంటే మాత్రం కారణాలు రాతపూర్వకంగా, పట్టుబడ్డవాడికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. ఏ కేసయినా ఇంతే, రిమాండ్‌కు హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందైనా ఇవ్వాలని సుప్రీంకోర్టు 2025 నవంబరులో తేల్చింది. తెలుగు తప్ప రానివాడి చేతిలో ఇంగ్లిషు కాగితం పెడితే ఆ సంగతి గుర్తుంచుకో, మర్నాడు పనికొస్తుంది. అరెస్టు మెమో మీద ఇంటివాళ్లో ఊరి పెద్దమనిషో సాక్షి సంతకం చెయ్యాలి. సంతకం పెట్టేవాడికి ముందే చెప్పు, మొదట చూడాల్సింది టైమ్ గడి. అది తప్పయితే అసలు టైమ్ పక్కన రాసి సంతకం పెట్టమను, రాయనివ్వకపోతే పెట్టొద్దను. ఈ మెమో పద్ధతి డి.కె.బసు కేసులో వచ్చింది. బసుగారు పశ్చిమ బెంగాల్లో న్యాయసహాయ సంస్థ నడిపేవారు. లాకప్ చావుల మీద 1986లో ఆయన రాసిన ఉత్తరాన్నే సుప్రీంకోర్టు పిటిషన్‌గా తీసుకుంది. తీర్పు వచ్చేసరికి 1996 డిసెంబరు!

కొడుకు దొరక్కపోతే తల్లిని తెచ్చి స్టేషన్ బెంచీ మీద కూర్చోబెట్టడం ఇంకా ఉంది. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. సాక్షిగా ప్రశ్నించాలన్నా సరే, ఆడవాళ్లనూ అరవై దాటిన మగవాళ్లనూ ఇంటి దగ్గరే ప్రశ్నించాలి, స్టేషన్‌కు రమ్మనకూడదు, అది అదే సంహితలో 179వ సెక్షన్. ఆవిడ పేరుతో విడిగా మెయిల్ పెట్టించు, కొడుకు సంగతితో కలపకు. పొద్దు గూకాక, తెల్లవారేలోపు ఆడవాళ్లను అరెస్టు చెయ్యాలంటే అసాధారణ పరిస్థితి ఉండాలి, మహిళా పోలీసు అధికారి మేజిస్ట్రేటు అనుమతి ముందే తీసుకోవాలి.

లోపల మనిషితో మాట్లాడనిస్తే "నువ్వు చేశావా" అని అడగకు. పక్కనే కానిస్టేబులుంటాడు, పైగా ఆ రాత్రి నీకది అవసరం లేదు. దొంగతనం నిజంగా చేసినవాడికీ 24 గంటలు 24 గంటలే. తెల్లకాగితాల మీద సంతకం పెట్టొద్దని, డాక్టరు చూసినప్పుడు దెబ్బలుంటే దాచకుండా చూపించమని చెప్పు. మేజిస్ట్రేటు "ఏమైనా ఫిర్యాదు ఉందా" అని అడిగేసరికి వెనక తీసుకొచ్చిన పోలీసులే నిలబడి ఉంటారు, వాడు తల అడ్డంగా ఊపేస్తాడు. కాబట్టి వాళ్లను పక్కకు పంపమని ముందే కోరు. ఎప్పుడు పట్టుకెళ్లారో వాడి నోటితోనే చెప్పించి రికార్డు చెయ్యమని అడుగు. స్టేషన్ సీసీ కెమెరా ఫుటేజీ భద్రపరచాలని అదే రోజు పిటిషన్ వెయ్యి. 18 నెలలు ఉంచాలని సుప్రీంకోర్టు 2020 తీర్పు ఉంది గానీ, అడిగేసరికి కెమెరా పాడైందనే జవాబు నువ్వూ వింటావు.

పోలీసులు "అసలు మా దగ్గర లేడు" అంటే ఆలస్యం చెయ్యకు. మనిషిని కోర్టు ముందుంచమని కోరే హెబియస్ కార్పస్ పిటిషన్ హైకోర్టులో వెయ్యి, సెలవు రోజయితే జడ్జిగారి ఇంటి దగ్గరే వినమని కోరే హౌస్ మోషన్. ఆ పిటిషన్‌కు నీ మెయిల్, 112 కాల్ వివరమే ఆధారం. ఎమర్జెన్సీలో 1976లో సుప్రీంకోర్టు ఆ తలుపు కూడా మూసేసింది, జస్టిస్ ఖన్నా ఒక్కరే కాదన్నారు. 44వ సవరణ వచ్చాక ఎమర్జెన్సీ పెట్టినా ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణ ఇచ్చే 21వ అధికరణాన్ని పక్కన పెట్టే వీల్లేదు.

ఫీజు ఇచ్చుకోలేనివాళ్లయితే 15100కి చెయ్యమను. కస్టడీలో ఉన్న మనిషికి న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును పెడుతుంది. అలా వచ్చిన కేసని తేలిగ్గా చూడకు.

మొదటి రిమాండ్ రిపోర్టు చేతికి రాగానే నాకు ఫొటో తీసి పంపు. టైమ్‌లు కలిపి చూద్దాం.

ఇట్లు,
పెదనాన్న