మీటరు దగ్గర మొదలుపెట్టు

చి. అమ్మలూ,

ఆశీస్సులు. వాణిజ్య భవనాల్లో కరెంటు ఆదా మీద పరిశోధన మొదలుపెడుతున్నావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి సంతోషంగా ఉంది. ముప్పై ఏళ్లు ఎనర్జీ ఆడిట్ల పని మీద, అంటే కరెంటు ఎక్కడ వృథా అవుతోందో వెతికే పని మీద, చిల్లర్ (ఏసీకి నీటిని చల్లబరిచే యంత్రం) గదుల్లో తిరిగినవాణ్ణి కదా, చెప్పకుండా ఉండలేను.

ఏ పరికరాన్ని ఎంచుకోవాలని అడిగావు. దాన్ని దేనితో పోలుస్తావో ముందు తేల్చుకో. హైదరాబాద్ శివారు పోచారంలో ఇన్ఫోసిస్ వాళ్లు 2011లో ఒకే భవనాన్ని రెండు సమాన భాగాలు చేశారు. ఒక సగానికి గాలిని చల్లబరిచే ఏసీ, అదీ మేలైన రకమే. రెండో సగంలో శ్లాబులోనే గొట్టాలు పరిచి చల్లని నీరు పారించారు. రెండు వైపులా అదే ఊరి ఎండ, అవే పనివేళలు. శ్లాబు వైపు ఏసీ కరెంటు దాదాపు మూడో వంతు తగ్గింది. గాలి కన్నా నీరు వేడిని ఎన్నో రెట్లు మోస్తుంది కాబట్టి ఫ్యాన్ల పని తగ్గుతుంది. మరీ చల్లని నీరు అక్కర్లేదు కాబట్టి చిల్లర్‌కూ శ్రమ తగ్గుతుంది. అయితే వానాకాలంలో గాలిలోని తేమను విడిగా తీసేయకపోతే శ్లాబుకు చెమట పడుతుంది. పొడి వాతావరణంలో వచ్చిన ఫలితాలను ఉన్నవి ఉన్నట్టు ఇక్కడికి తెచ్చుకోకు.

పోలికలో నేనొకసారి ఘోరంగా తప్పాను. ఒక ఆఫీసు భవనంలో మే నెల బిల్లునూ డిసెంబరు బిల్లునూ పక్కపక్కన పెట్టి, తేడా అంతా కొత్త పరికరం పుణ్యమేనని నివేదిక రాశాను. చలికాలాన్ని లెక్కలోకి తీసుకోలేదు. మధ్యలో ఒక అంతస్తు ఖాళీ అయిన సంగతి అడగనూ లేదు. మరుసటి వేసవిలో బిల్లు మళ్లీ పెరిగింది. ఆ యజమానికి నేను చెప్పుకోగల సమాధానం లేకపోయింది.

మరో భవనంలో ఏసీ ఫ్యాన్ల వేగం తగ్గించే వీఎఫ్‌డీలు ఖర్చుపెట్టి బిగించారు. ఫ్యాను వేగం ఐదో వంతు తగ్గితే కరెంటు సగానికి దగ్గరగా పడిపోవాలి. మీటరు కదలలేదు. ప్యానెల్ తలుపు తీసి చూస్తే స్విచ్ బైపాస్‌లో ఉంది, అంటే వీఎఫ్‌డీని పక్కనపెట్టి ఫ్యాను పూర్తి వేగంతోనే తిరుగుతోంది; స్విచ్ మీద దుమ్ము పేరుకుని ఉంది. మూడో అంతస్తు వాళ్లు ఉక్కపోస్తోందని గొడవ చేస్తే ఆపరేటర్ అలా మార్చాడట. అతణ్ణి తప్పుపట్టలేను. ఆ మార్పు ఎందుకు చేశారో అతనికి ఎవరూ వివరించలేదు. నిజానికి ఆ అంతస్తులో వేడిని కొలిచే సెన్సార్ ఏసీ చల్లగాలి నేరుగా తగిలే చోట ఉంది, అందుకే గది చల్లగానే ఉందని చూపించి ఫ్యానును నెమ్మదింపజేసేది. అది సరిచేశాక ఫిర్యాదులు ఆగాయి.

అందుకే ఏ భవనంలో అడుగుపెట్టినా మొదట ఆపరేటర్‌తో కూర్చుని టీ తాగు, అతని లాగ్‌బుక్ చదువు. ఏసీకి, లైట్లకు, లిఫ్టులకు విడివిడిగా మీటర్లు లేకపోతే వాటిని పెట్టించేదాకా కొత్త పరికరం ఊసు ఎత్తకు. ఏడాది రీడింగులు చేతికొచ్చాక మార్పు చెయ్యి. గైడుగారు తొందరపెడితే కనీసం ఒక వేసవి, ఒక వానాకాలం అడుగు.

మొదటి వారం రీడింగులు నాకు పంపు, ఆదివారాలవి కూడా. ఎవరూ లేని రోజున ఆ భవనం ఎంత తింటోందో ముందు చూద్దాం.

నీ మేనమామ