మినీ గుర్రం మేత మానేసిందా? టానిక్ కోసం చూడకండి

ప్రశ్న: మా పిల్లలు ముచ్చటపడితే ఆరు నెలల కిందట మినియేచర్ గుర్రం పిల్లను కొన్నాం. ఆడది, ఇప్పుడు పదకొండు నెలలు. చేవెళ్ల దగ్గర మా తోటలో ఉంటుంది. పది రోజులుగా హుషారు లేదు, తల వేలాడేసి ఓ మూల నిలబడుతోంది. నట్టలేమోనని గొర్రెలకు తాగించే మందే కొంచెం పట్టించాం. నొప్పి మాత్ర కూడా బెల్లంలో పెట్టి ఇచ్చాం. నిన్నటి నుంచి గడ్డి కూడా సరిగా ముట్టడం లేదు. బలానికి మంచి టానిక్ చెప్పగలరా?
- ఒక పాఠకుడు, రంగారెడ్డి జిల్లా

జవాబు: టానిక్ సంగతి తర్వాత. గడ్డి ముట్టడం లేదన్న మాట మీరు చివర్లో రాశారు, నాకు మాత్రం అదే మొదటిది. మినియేచర్ గుర్రం, పోనీ, గాడిద ఈ మూడింటికీ ఒక బలహీనత ఉంది. మేత ఆగితే ఒంట్లోని కొవ్వు కరిగి రక్తంలోకి వచ్చిపడుతుంది, కాలేయం దాన్ని తట్టుకోలేదు. హైపర్‌లిపీమియా అంటాం. రక్తం తీసి కాసేపు ఉంచితే పైన తేటగా ఉండాల్సిన ద్రవం (సీరం) పాలనీళ్లలా కనిపిస్తుంది. ఆ దశలో ఆకలి ఇంకా చస్తుంది, తినకపోయేకొద్దీ కొవ్వు ఇంకా కరుగుతుంది. బొద్దుగా ఉన్నవాటికి, చూడివాటికి ఎక్కువగా వచ్చినా పిల్లలకూ రాదని లేదు. మొదట వచ్చిన జబ్బు చిన్నదే కావచ్చు, ప్రాణం మీదికి తెచ్చేది ఇది. కాబట్టి డాక్టర్ ఈరోజే చూడాలి, ఆదివారం దాకా ఆగొద్దు. దగ్గర్లో ఎవరూ లేకపోతే పశువుల సంచార వైద్యసేవ నంబరు 1962కు ఫోన్ చేయండి. ఈలోగా పచ్చిగడ్డి, నీళ్లు ముందు పెట్టండి. తినకపోతే సిరంజీతో నోట్లోకి నెట్టకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

అసలు నీరసం ఎందుకంటే, చూడకుండా ఖాయంగా చెప్పలేను. ఈ వయసులో నా మొదటి అనుమానం కూడా నట్టల మీదే, ముఖ్యంగా పెద్ద ఏలికపాములు. పొట్ట ముందుకొచ్చి, వెంట్రుకలు గరుకుగా ఉన్నాయా? అయినా మీరు చేసిన పని బాగాలేదు. ఏ మందో రాయలేదు, ఎన్ని ఎంఎల్ అన్నదీ లేదు. గొర్రెల మందుల్లో కొన్నింటిలో ఉండే లెవామిసోల్ గుర్రాలకు భద్రం కాదు. ఐవర్‌మెక్టిన్ అయితే ఈ ఏలికపాములు చాలాచోట్ల దానికి లొంగడం మానేశాయి. మందు బాగా పనిచేసినా ఇబ్బందే: పురుగులు ఎక్కువగా ఉంటే అన్నీ ఒకేసారి చచ్చి పేగుకు అడ్డం పడొచ్చు. అందుకే ముందు లద్దె పరీక్ష, తర్వాత బరువు చూసి డోసు. ఇది చిన్న ప్రాణి, ధాన్యం తూచే కాటా మీద నిలబెట్టినా బరువు తెలిసిపోతుంది. కంటి అంచనా వద్దు.

నొప్పి మాత్ర ఇంకో తప్పు. మేత లేని కడుపులో పుండ్లు చేస్తుంది, కిడ్నీల మీద పడుతుంది, జ్వరాన్ని దాచేస్తుంది. ఇక ఇవ్వకండి. ఆ రెండు మందుల ఖాళీ డబ్బాలు మాత్రం పారేయకుండా డాక్టర్‌కు చూపించండి.

డాక్టర్ వచ్చేలోపు జ్వరం చూడండి. 99 నుంచి 101.5 ఫారెన్‌హీట్ దాకా ఫర్వాలేదు. పైపెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. పాలిపోయి ఉంటే రక్తం తగ్గిందని: నట్టలు, పిడుదులు, పిడుదులతో వచ్చే రక్తజ్వరం, లేదా జోరీగలు అంటించే సర్రా అనే జబ్బు. సర్రాలో జ్వరం వచ్చిపోతుంటుంది, కాళ్లూ పొట్టకిందా వాపు వస్తుంది. చిగుళ్లు పసుపుగా ఉంటే వెంటనే కామెర్లని హడలిపోకండి, గుర్రం పస్తున్నా అలా అవుతుంది. ముదురు ఎరుపో నీలమో అయితే ఆలస్యం చేయొద్దు.

దాణా గురించి ఒక్క ముక్కా రాయలేదు. కోళ్ల దాణా కలుపుతుంటే ఇప్పుడే ఆపండి. కొన్నింటిలో కలిపే మొనెన్సిన్ అనే మందు గుర్రం గుండెకు విషం.

ముక్కు నుంచి చిక్కటి చీమిడి కారుతున్నా, చర్మం మీద గడ్డలు కనిపించినా పిల్లల్ని దగ్గరికి వెళ్లనివ్వకండి. అవి గ్లాండర్స్ అనే అంటురోగం లక్షణాలు కావచ్చు, అది మనుషులకూ అంటుతుంది, ఆ అనుమానం ఉంటే పశుసంవర్ధక శాఖకు చెప్పి తీరాలి. మీ గుర్రానికి అదే ఉందని నేననడం లేదు.

ఇక టానిక్. రక్తపరీక్ష చూశాక అవసరమైతే మీ డాక్టరే రాస్తారు. షాపువాడు ఇచ్చే ఐరన్ సీసా మాత్రం కొనకండి.